నల్లగొండల 6 ఫీట్ల రీఫ్ ట్యాంక్ పెట్టాలె, బోరు నీళ్ళు, ఎండ, కరెంటు గురించి సలహా కావాలె

నల్లగొండ_ఆక్వా:

అందరికి నమస్తే. మాది నల్లగొండ, పానగల్ దిక్కు. కొత్త ఇల్లు కట్టిస్తున్నం, స్లాబ్‌లు అయిపోయినయి, ఇప్పుడు గోడల్ల కరెంటు పైపులు నడుస్తున్నయి, ప్లాస్టరింగ్ ఇంకా కాలే. చేపలంటే నాకు చిన్నప్పటి సంది పానం, ఇప్పుడున్న ఇంట్ల 4 ఫీట్ల ప్లాంటెడ్ ట్యాంక్ మంచిగనే నడుస్తున్నది. కొత్త ఇంట్ల మాత్రం ఉప్పునీళ్ళ రీఫ్ పెట్టాలని గట్టిగ అనుకున్న, 6 x 2 x 2 ఫీట్లు, కింద సంప్ (పై ట్యాంక్ నీళ్ళు దిగి శుభ్రమై మళ్ళ పైకెక్కే చిన్న ట్యాంక్). పగడాలు, క్లౌన్ ఫిష్, వీలైతే ఒక టాంగ్ చేప.

మేము ఉండేది ఫస్ట్ ఫ్లోర్ల, హాల్ నడిమిట్ల పార్టిషన్ లెక్క ట్యాంక్ పెడితే మంచిగుంటదని మా ఇంటామె అంటున్నది, స్లాబ్ ఆగుతదా. మా బోరు టీడీఎస్ (నీళ్ళల్ల కరిగిన ఉప్పుల లెక్క) 1100 దాకా ఉన్నది, ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ అంటేనే అందరికి ఎరుక, మిషన్ భగీరథ నల్లా నీళ్ళు కూడ వస్తయి, ఏది వాడాలె. ఒకాయన సూర్యలంక బీచ్ నుంచి ట్యాంకర్ల సముద్రం నీళ్ళే తెప్పిస్త, ఉప్పు ఖర్చు మిగులుతది అంటున్నడు. మే నెలల ఇక్కడ 44 దాటుతది, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ తప్పదా, ఫ్యాన్లతోని నడుస్తదా. లైట్ మటుకు ఒక ఇంపోర్టెడ్ ఎల్ఈడీ చూసి పెట్టుకున్న, సగం బడ్జెట్ దానికే పోయేటట్టున్నది. గోడలు ఇంకా తెరిచున్నయి కాబట్టి ఏమేం పాయింట్లు పెట్టియ్యాల్నో అవి గూడ చెప్పండ్రి.

పాలమూరు_రీఫ్:

తమ్మీ, లైట్ బుకింగ్ జర ఆపు. మన దిక్కు రీఫ్ ట్యాంక్‌ను నిలబెట్టేది నీళ్ళు, చల్లదనం, కరెంటు, ఈ మూడు అయినంక మిగిలిన పైసలతోని లైట్ కొను. నేను మహబూబ్‌నగర్‌ల ఉప్పునీళ్ళ ట్యాంక్ నడుపుతున్న, మాది గూడ బోరే, కాబట్టి నీళ్ళ నుంచే మొదలు పెడత.

ఫ్లోరైడ్ గురించి భయం వద్దు. సముద్రం నీళ్ళల్లనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటది, మనుషులు తాగే నీళ్ళకు పెట్టిన హద్దు 1.5. అంటే మనకు ఎముకల మీద పడే ఫ్లోరైడ్ పగడాలకు మొదటి సంది అలవాటున్నదే. రీఫ్‌ను చెడగొట్టేటియి వేరే ఉన్నయి. పొలాల కిందికి యూరియా దిగి బోర్లల్ల నైట్రేట్ ఎక్కువుంటది, మనది గ్రానైట్ నేల గనుక నీళ్ళల్ల సిలికా ఉంటది. సిలికా ట్యాంక్‌లకు పోయిందంటే తెల్లటి ఇసుక మీద, అద్దం మీద గోధుమ రంగు దుమ్ము లెక్క డయాటమ్స్ అనే సన్న నాచు పరుచుకుంటది, పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళ వస్తది. కొత్త ట్యాంక్‌ల కొన్ని వారాలు అది మామూలే, కని నెలల తరబడి పోతలేదంటే నీళ్ళ మీదనే అనుమానం పెట్టుకోవాలె.

అందుకని ఆర్ఓ ఒక్కటి సరిపోదు, ఆర్ఓ తర్వాత మిగిలిన ఉప్పులను పట్టేసే డీఐ రెసిన్ గుళికలు ఉండాలె, బయటికొచ్చే నీళ్ళు టీడీఎస్ మీటర్ మీద 0 చూపియ్యాలె. 1100 టీడీఎస్ బోరు నీళ్ళు పోస్తే ఆర్ఓ మెంబ్రేన్ (ఉప్పులను ఆపే పొర) దాటి 30, 40 దాకా వస్తది, అదంత రెసిన్ మీద పడి తొందరగ అయిపోతది. ఇంకోటి చాలామందికి తెల్వనిది, బోరు నీళ్ళల్ల కార్బన్ డయాక్సైడ్ బాగ కరిగి ఉంటది, గ్యాస్ కాబట్టి మెంబ్రేన్ దాన్ని ఆపదు, సక్కగ పోయి రెసిన్‌ను తింటది. బోరు నీళ్ళు ముందు ఒక డ్రమ్ములకు పట్టి రాత్రంత ఎయిర్ పంప్ పెట్టి బుడగలు కొట్టియ్యి, తెల్లారి ఆర్ఓకు ఎక్కియ్యి, రెసిన్ ఖర్చు తగ్గుతది. రెసిన్ అయిపోవచ్చినప్పుడు ముందుగ జారేది సిలికానే, అది టీడీఎస్ మీటర్‌కు సరిగ దొరకదు, కాబట్టి రంగు మారే రెసిన్ తీసుకొని మూడొంతులల్ల రెండొంతుల రంగు మారంగనే మార్చెయ్. భగీరథ నీళ్ళు దొరికినప్పుడు అవే మేలు, టీడీఎస్ తక్కువుంటది, కని క్లోరిన్ మెంబ్రేన్‌ను పాడు చేస్తది గనుక ముందు కార్బన్ ఫిల్టర్ తప్పకుండ ఉండాలె.

సూర్యలంక నీళ్ళు వద్దు. ఒడ్డు నీళ్ళల్ల బురద, పడవల డీజిల్, ఊర్ల మురికి కలుస్తయి, వానాకాలం నది నీళ్ళు కలిసి ఉప్పు శాతం మారుతది, పైంగ ట్యాంకర్‌ల అంతకు ముందు ఏం పోసిండ్రో ఎవరికి తెలుసు. ఉప్పు రీఫ్ సాల్టే కొను, రెడ్ సీ, ఇన్‌స్టంట్ ఓషన్ లాంటియి ఏదైన నడుస్తది. లీటరుకు 35 గ్రాములు చొప్పున ట్యాంక్, సంప్ కలిపి 750 లీటర్లకు 26, 27 కిలోలు పడ్తది. వంట ఉప్పు కలిపితే అయితది గద అని ఎవరన్న అంటే ఇనకు, అది ఉత్త సోడియం క్లోరైడ్, పగడానికి కావల్సిన కాల్షియం, మెగ్నీషియం అండ్ల ఉండయి. నీళ్ళల్ల ఉప్పు ఎంతున్నదో చూసుకునేటందుకు రిఫ్రాక్టోమీటర్ కొని 35 పీపీటీ (వెయ్యిల 35 వంతుల ఉప్పు) ద్రావణంతోని సెట్ చేసుకో.

ఇగ ఎండ సంగతి. ఈ విషయంల విశాఖ, చెన్నై వాళ్ళకంటె మనకు ఒక మేలున్నది. మన మే నెల ఎండ పొడి ఎండ, గాలిల తేమ ఉండదు, నీళ్ళ మీదికి ఫ్యాన్ పెడితే మస్తు ఆవిరైతది, ఆవిరైన కొద్ది ట్యాంక్ చల్లబడ్తది. ఒకటింబావు లీటరు ఆవిరైతే నీ ట్యాంక్ మొత్తం దగ్గర దగ్గర 1 డిగ్రీ దిగుతది. ఫ్యాన్లతోని 2 నుంచి 4 డిగ్రీల దాకా తగ్గించుకోవచ్చు. కని రోహిణి కార్తెల మధ్యాహ్నం హాల్‌ల 37, 38 ఉంటే ఫ్యాన్ పెట్టినా నీళ్ళు 33 దగ్గరనే ఆగుతయి, 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు తెల్లగ పాలిపోతయి. కావాల్సింది 25, 26. అందుకని హాల్‌ల ఏసీ రోజంత 27 మీద నడుస్తదంటే ఫ్యాన్లు చాలు, లేకుంటే చిల్లర్ తప్పదు, ఈ సైజుకు అర హెచ్‌పీ కంటె తక్కువది తీసుకోవద్దు. ఆవిరైన నీళ్ళ జాగల ఉత్త ఆర్ఓ డీఐ నీళ్ళే పొయ్యాలె, ఉప్పునీళ్ళు కాదు, ఉప్పు ఆవిరి కాదు గద. ఎండకాలం రోజుకు 10 లీటర్లు దాటొచ్చు, తగ్గిన నీళ్ళను దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకో.

సూర్యాపేట_సివిల్:

నీళ్ళే 680 కిలోలు, 12 ఎంఎం అద్దం 120 కిలోలు, రాళ్ళు, ఇసుక, స్టాండ్, సంప్ కలిపితే టన్ను దాటుతది, అదంత 12 చదరపు ఫీట్ల మీద పడ్తది. ఇండ్లకు స్లాబ్ డిజైన్ చేసేది చదరపు మీటరుకు 200 కిలోల లైవ్ లోడ్‌కు, నీ ట్యాంక్ కింద దానికి అయిదింతలు వస్తది. హాల్ నడిమిట్ల అసలే వద్దు అన్నా. ఇంటామెకు నచ్చజెప్పి గ్రౌండ్ ఫ్లోర్‌ల పెట్టుకోండ్రి, మొత్తం రంధే ఉండదు. పైన్నే కావాలంటే బీమ్ మీద, పిల్లర్ పక్కపొంటి, గోడకు ఆనిచ్చి, అది గూడ మీ ఇల్లు డిజైన్ చేసిన ఇంజినీర్‌కు బరువు చెప్పి రాతల ఒప్పుకున్నంకనే. మేస్త్రీ ఏం కాదు సార్ అన్నడని పెట్టకండ్రి. అద్దం 12 ఎంఎం అయితే పైన చుట్టూ పట్టీలు ఉండాలె, పట్టీలు లేకుండ కావాలంటే 15 ఎంఎం అడుగుండ్రి.

మిర్యాలగూడ_వైరింగ్:

గోడలు తెరిచున్నప్పుడే అడిగిండ్రు, చాన మంచిగైంది. ట్యాంక్‌కు మెయిన్ బోర్డు నుంచి వేరే లైన్ గుంజిపియ్యండ్రి, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్), మంచి ఎర్తింగ్. ఉప్పునీళ్ళు కరెంటును మామూలు నీళ్ళ కంటె ఎంతో బాగ గుంజుతయి, చెయ్యి నీళ్ళల్ల పెట్టే పని ఇది, దీంట్ల పైసలు చూసుకోవద్దు. సాకెట్లు సంప్ మీద కాకుండ పక్కకు, ఎత్తుల పెట్టియ్యాలె, ప్రతి వైరు సాకెట్ కంటె కిందికి ఒక వంపు దిగి మళ్ళ పైకి పోవాలె, అప్పుడు వైరు పట్టుకొని కారిన నీళ్ళు సాకెట్‌లకు పోకుండ వంపు కాడనే కిందికి రాలుతయి.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ తీసుకోండ్రి, స్క్వేర్ వేవ్ మీద పంపులు గుయ్యిమని మొత్తుకొని వేడెక్కుతయి. సంప్ నీళ్ళను పైకెక్కించే రిటర్న్ పంపు, నీళ్ళను కదిలించే వేవ్ మేకర్లు, మురికిని నురగ లెక్క తీసే స్కిమ్మర్ కలిపి 150 వాట్లు అనుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి 6 గంటల దాకా ఇస్తది. ఒక్క వేవ్ మేకర్లే నడిపితే దాదాపు రోజంత వస్తది. కరెంటు పోతే చేపలు ముందు ఆక్సిజన్‌కే ఇబ్బంది పడ్తయి, నీళ్ళ పైపొర కదులుతుంటే చాలు. చిల్లర్ ఇన్వర్టర్ మీద పెట్టకండ్రి, దానికి స్టెబిలైజర్ పెట్టి వేరే పాయింట్, కంప్రెసర్ కరెంటు రాంగనే ఎగిరి స్టార్ట్ కాకుండ 3 నిమిషాలు ఆగేటట్టు టైమ్ డిలే ఉండాలె.

నల్లగొండ_ఆక్వా:

అందరికి చాన థాంక్స్. గ్రౌండ్ ఫ్లోర్‌కే మారుస్తున్న, హాల్ పక్కన ఖాళీ రూమ్ ఉన్నది, ఇంటామె గూడ ఒప్పుకున్నది. ఇంక రెండు అడుగుత. ఇంట్ల తాగే ఆర్ఓ ఉన్నది, దాని వెనుక డీఐ తగిలిస్తే నడుస్తదా, కొత్తది కొనాల్నా. ఇంకోటి, లైవ్ రాక్ (జీవాలు అంటుకున్న సముద్రపు రాయి), పగడాలు రామేశ్వరం దిక్కు నుంచి తెప్పిస్త అని ఒకరు ఫోన్ల చెప్పిండ్రు, చౌకగనే ఉన్నయి.

హైదరాబాద్_మెరైన్:

ఆ రామేశ్వరం బేరం వెంటనే వదిలెయ్యి బ్రదర్. మన సముద్రంల పుట్టిన రాతి పగడాలన్ని, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్, నల్ల పగడాలు, సముద్రపు గుర్రాలు గూడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 ల ఉన్నయి, అంటే పులికున్నంత రక్షణ. రామేశ్వరం కాడి మన్నార్ సింధుశాఖల నుంచి తెచ్చిన లైవ్ రాక్ అంటే అది పగడం అస్థిపంజరమే, అమ్మినోళ్ళకు, కొన్నోళ్ళకు ఇద్దరికి కేసు. దిగుమతి అయిన రాతి పగడాలైనా సైటీస్ (అరుదైన జీవాల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) కాగితాలు, బిల్లు లేకుండ ఇంట్లకు తేవద్దు, అట్లాంటి జీవాలు ఇంట్ల ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌ల రిజిస్టర్ చెయ్యాలని 2024 ల రూల్స్ గూడ వచ్చినయి. కేసు సంగతి పక్కన పెట్టినా, సముద్రంల బతికున్నదాన్ని పలుగుతోని పెరికి మన హాల్‌ల పెట్టుకునుడు నాకైతే మనసొప్పదు.

డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి)తోని మొదలు పెట్టు, సిరామిక్‌ది గూడ దొరుకుతది. బ్యాక్టీరియా బాటిల్, అమ్మోనియా వేసి సైక్లింగ్ (అమ్మోనియాను తినే బ్యాక్టీరియాను పెరగనిచ్చుడు) చెయ్యి, అమ్మోనియా, నైట్రైట్ రెండు సున్నాకు వచ్చేటందుకు 4 నుంచి 6 వారాలు పడ్తది. తర్వాత జోవాంతిడ్స్, మష్రూమ్స్, లెదర్ లాంటి మెత్తటి పగడాలు, అవి గూడ బిల్లుతోనే. వాటికి 100 పార్ (పగడాలకు పనికొచ్చే వెలుగు లెక్క) చుట్టుపక్కల లైట్ చాలు, నువ్వు చూసిన అంత ఖరీదు లైట్ అక్కర లేదు. క్లౌన్ ఫిష్ ఇక్కడ పుట్టి పెరిగినయే అడుగు, తమిళనాడు మండపంల ఉన్న కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ళు వీటి పిల్లల్ని హ్యాచరీల తీసే పద్ధతి ఎప్పుడో తయారు చేసిండ్రు, సముద్రంల పట్టి తెచ్చిన చేప కంటె ఇవి రోగాలకు, తిండికి సతాయియ్యవు. టాంగ్ ఆఖరుకు వెయ్యి.

పాలమూరు_రీఫ్:

తమ్మీ, తాగే ఆర్ఓల టీడీఎస్ కంట్రోలర్ అని ఒక నాబ్, మినరల్ కార్ట్రిడ్జ్ అని ఒకటి ఉంటయి. మెంబ్రేన్ తీసేసిన ఉప్పులను రుచి కోసం అవి మళ్ళ కలుపుతయి, దాని వెనుక డీఐ పెడితే రెసిన్ చూస్తుండంగనే అయిపోతది. ట్యాంక్‌కు వేరే ఆర్ఓ డీఐ పెట్టు. ఆ రూమ్‌ల ఇప్పుడే ఒక నల్లా పాయింట్, ఒక నేల డ్రెయిన్ పెట్టియ్యి, వేస్ట్ నీళ్ళు పైపుతోని బయట బాత్రూమ్ ట్యాంకులకు పోయేటట్టు చూడు, ఎండకాలం మన దిక్కు నీళ్ళు పారబోసుడు మంచిది కాదు. ఆ నీళ్ళల్ల టీడీఎస్ ఇంకా ఎక్కువుంటది కాబట్టి పూలకుండీలకు పోయకుండ్రి, గచ్చు కడుగుటానికి వాడుకోండ్రి.

సంప్ కొలత గూడ చెప్పెయ్యాలె. కరెంటు పోయి రిటర్న్ పంపు ఆగంగనే పై ట్యాంక్‌లకెల్లి నీళ్ళు కిందికి దిగుతయి, 6 x 2 ట్యాంక్‌ల ఒక్క అంగుళం దిగితే 28 లీటర్లు. రిటర్న్ పైపు మూతి లోపలికి 4 అంగుళాలు మునిగి ఉంటే 110 లీటర్లు వెనక్కి గుంజుకొస్తది, ఆ రాత్రి ఇల్లంత ఉప్పునీళ్ళే. పైపుకు నీటి మట్టం కిందనే చిన్న రంధ్రం వేస్తే గాలి దూరి సైఫన్ (ఆ వెనక్కి గుంజుడు) తెగుతది, కని ఆ రంధ్రంల ఉప్పు, నాచు పేరుకపోతది గనుక టూత్‌బ్రష్‌తోని అప్పుడప్పుడు శుభ్రం చేసుకోవాలె, దాన్నే నమ్ముకోవద్దు. 4 x 1.5 x 1.5 సంప్ చేపియ్యి. ఉప్పు కలపకముందు ఉత్త నీళ్ళు నింపి పంపు నడిపి, స్విచ్ ఆపి చూడు, సంప్‌ల నీళ్ళు ఎక్కడి దాకా లేస్తయో చూసుకొని, పంపు నడిచేటప్పుడు ఉండాల్సిన మట్టం కాడ అద్దం మీద నల్ల టేప్ అంటియ్యి. ఎన్నడు గూడ ఆ టేప్ దాటి నీళ్ళు నింపొద్దు.

మిర్యాలగూడ_వైరింగ్:

చిల్లర్ ఆ రూమ్ లోపల పెడితే ట్యాంక్‌ల తీసిన వేడి మళ్ళ రూమ్‌లనే వదులుతది, బయట వరండాల నీడకు పెట్టండ్రి. గోడల నుంచి రెండు పైపులు పోయేటట్టు రెండంగుళాల స్లీవ్ ఒకటి ఇప్పుడే పెట్టియ్యండ్రి, పైపులకు ఇన్సులేషన్ చుట్టే జాగ ఉండాలె గద. ప్లాస్టరింగ్ చేసేటోళ్ళు వచ్చేముందు బోర్డు, స్లీవ్ ఫోటోలు ఇక్కడ పెట్టండ్రి, చూసి చెప్త.