హెచ్1బీ వాళ్లు రాజకీయ పార్టీ పిక్నిక్ టికెట్ కొనొచ్చా?

గోదారోడు:
నమస్తే అండి అందరికీ. మేం టెక్సాస్‌లో ఉంటాం, నవంబర్‌లో ఎలక్షన్లు కదా, మా కౌంటీ పార్టీ వాళ్లు శనివారం పార్కులో బార్బెక్యూ పెట్టి ఫండ్‌రైజింగ్ చేస్తున్నారు, టికెట్ 40 డాలర్లు, పక్కింటాయన ఎంతో ప్రేమగా పిలిచాడు. నాది హెచ్1బీ వర్క్ వీసా. మా అక్కకి గ్రీన్‌కార్డ్ ఉంది, పోనీ తన పేరు మీద కొననా?

కృష్ణాతీరం:
వద్దు తమ్ముడూ! ప్లేటు భోజనం ఖర్చు తీసేసి లెక్కెయ్యరు, టికెట్ డబ్బు మొత్తం చందా కిందే పోతుంది. హెచ్1బీ, ఎఫ్1 స్టూడెంట్ వీసా వాళ్లు ఫెడరల్, స్టేట్, లోకల్ ఏ ఎలక్షన్‌కీ చందా ఇవ్వకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. గ్రీన్‌కార్డ్ వాళ్లు ఇవ్వొచ్చు, కాబట్టి అక్క తన సొంత డబ్బుతో కొనుక్కుంటే తప్పులేదు, కానీ నీ డబ్బు తన పేరు మీద కట్టడం ఇంకో నేరం. వీసా మీద ఉన్నోళ్లం, 40 డాలర్ల కోసం రిస్క్ ఎందుకు చెప్పు.

పల్నాటి పిల్ల:
వాలంటీర్‌గా వెళ్లండి అన్నయ్యా. జీతం తీసుకోకుండా కుర్చీలు వెయ్యడం, వడ్డించడం లాంటివి చెయ్యొచ్చు, నేను హెచ్4 డిపెండెంట్ వీసాలో ఉన్నప్పుడు అలాగే వెళ్లా, ఊళ్లో వాళ్లంతా పరిచయమయ్యారు. పులిహోర పట్టుకెళ్లాలనిపిస్తే మాత్రం ముందు వాళ్ల ట్రెజరర్‌ని అడగండి, వస్తువుగా ఇచ్చినా చందాగా లెక్కెయ్యొచ్చు.

కృష్ణాతీరం:
అవును, ఇది మంచి మాట. అన్నట్టు అక్కకి చెప్పు, ఈ చందాకి టాక్స్ మినహాయింపు రాదు.

గోదారోడు:
చాలా థాంక్స్ అక్కా, చెల్లీ. పక్కింటాయనకి ఉన్నదున్నట్టు చెప్పి వాలంటీర్‌గానే వెళ్తా.