క్లిప్పులు తీసేశాక పళ్ళ మధ్య మళ్ళీ సందు: నాలుక వ్యాయామాలతో లాభం ఉంటుందా?

ఖమ్మం అమ్మ:
మా పాపకి 14 ఏళ్ళు. ఏడాదిన్నర క్లిప్పులు పెట్టించాం. తీసి ఎనిమిది నెలలు కాలేదు, పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య మళ్ళీ సందు. పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకునే రిటైనర్ మానలేదు. కొత్త డాక్టరు గారు మంచినీళ్ళిచ్చి మింగమని, కింది పెదవిని వేలితో లాగి చూపించారు. మింగినప్పుడల్లా నాలుక పళ్ళ మధ్యకి తోసుకొస్తోంది! టంగ్ థ్రస్ట్ అట. తమ్ముణ్ణి 'సాయీ' అని పిలిస్తే నాలుక కొన కనిపించేది, ముద్దుగా ఉందనుకున్నాం ఇన్నాళ్ళూ. మయోఫంక్షనల్ థెరపీ, అంటే నాలుకకీ నోటి కండరాలకీ వ్యాయామాలు, చేయించమన్నారు. మా అత్తగారేమో 'నాలుక్కి ఎక్సర్‌సైజేంటే, విడ్డూరం' అంటున్నారు. ఎవరైనా చేయించారా?

బుడ్డోడి అమ్మ:
మావాడికి తొమ్మిదేళ్ళప్పుడు చేయించాను. కావాల్సినవి ఒక అద్దం, బుజ్జి రబ్బరు బ్యాండు, అంతే. 'ల' అన్నప్పుడు నాలుక కొన పైన ఎక్కడ తగులుతుందో అక్కడ బ్యాండుని నొక్కిపట్టి, పళ్ళు కలిపి మింగాలి. మొదటి వారమంతా అది జారడం, వీడు ఏడవడం. నాలుకని అంగిటికి అతికించి 'టక్' మనిపించేది మాత్రం ఇష్టంగా చేసేవాడు, గుర్రబ్బండి అంటూ. థెరపిస్టు ఎదుట సరిగ్గా మింగడం ఆరు వారాల్లో వచ్చేసింది. పెరుగన్నం దగ్గర మాత్రం మామూలే! నేను గుర్తుచేస్తే కంచం తోసేసేవాడు. చివరికి ఫ్రిజ్ మీద నా ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను, అది కనపడగానే నాలుక పైకి. పూర్తిగా అలవాటవడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది.

స్పీచ్ థెరపిస్ట్, సికింద్రాబాద్:
ముందు ఈఎన్‌టీకి చూపించండమ్మా. ముక్కు మూసుకుపోయో, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగో నోటితో గాలి పీలుస్తుంటే నాలుక కిందే ఉండిపోతుంది. అది సరిచేయకుండా ఎన్ని బ్యాండులు పట్టించినా దండగే. నిద్రలో నోరు తెరుస్తుందా? దిండు తడుస్తుందా? ఇంకో మాట, వ్యాయామాలతోనే సందు మూసేస్తామని ఎవరన్నా నమ్మకండి. పళ్ళు జరపడం క్లిప్పుల పని. నాలుక వాటిని మళ్ళీ తోయకుండా అలవాటు మార్చడం వరకే మా ప్రయత్నం.

ఖమ్మం అమ్మ:
దిండు తడుస్తుందండీ, గురక కూడా. జలుబే కదా అని వదిలేశాం. సోమవారం ఈఎన్‌టీకి వెళ్తున్నాం. ఇక్కడ అత్తగారు అద్దం ముందు నించుని 'టక్' మనిపిస్తున్నారు, కట్టుడు పళ్ళు ఊడొస్తున్నాయని నన్ను తిడుతూ.