కారు జంప్ స్టార్టర్ ఎంపిక: ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: మా డీజిల్ కారు బ్యాటరీ నెలలో రెండుసార్లు దిగిపోయింది, తాళం తిప్పితే టిక్కుటిక్కుమన్న చప్పుడే తప్ప ఇంజన్ కదలలేదు. బ్యాటరీ దిగిపోయినప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయడానికి తగిలించే జంప్ స్టార్టర్ కొందామనుకుంటున్నాను, దాని పెట్టె మీద 2000 ఆంపియర్లని ఉంటే సరిపోతుందాండీ?

జవాబు: ఆ అంకె క్షణంపాటు మాత్రమే అందే గరిష్ఠ కరెంటు కాబట్టి, ఇంజన్ తిరిగే కొన్ని సెకన్లూ నిలకడగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడండి. డీజిల్ ఇంజన్‌లో సంపీడనం ఎక్కువ గనుక, అదే పరిమాణపు పెట్రోలు ఇంజన్ కన్నా ఎక్కువ కరెంటు అవసరమవుతుంది.

జవాబు: క్లిప్పులనూ పరిశీలించండి. నా పాతదానివి పల్చని రేకువి. బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని గీరితే గాని పట్టు దొరికేది కాదు. ప్లస్, మైనస్ తిరగేసి తగిలించినా దెబ్బతినని రక్షణ తప్పనిసరి. ఎండలో నిలిపిన కారులో మాత్రం స్టార్టర్‌ను వదలకండి, వేడికి దానిలోని లిథియం సెల్ పాడవుతుంది.

జవాబు: రెండుసార్లు దిగిపోయిందంటే ముందు, ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను పరీక్ష చేయించండి.