డెడ్‌లిఫ్ట్ తర్వాత నడుం పట్టేసింది, బరువులు మానేయాలా?

నడుం_పట్టినోడు:
వెయిట్స్ మొదలుపెట్టి ఏడాది దాటింది. పోయిన వారం డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బరువుల బార్‌ని వంగి పట్టుకుని నిటారుగా లేచేదాంట్లో, 80 కిలోలు లేపుతుంటే చివరి రెప్‌లో (చివరిసారి లేపినప్పుడు) నడుం కింద కుడివైపు కలుక్కుమంది. అప్పటికి పెద్దగా తెలియలేదు. మర్నాడు పొద్దున సాక్సులు వేసుకుందామని వంగితే ప్రాణం పోయినంత పనైంది. నొప్పి కాల్లోకి దిగడం లేదు, తిమ్మిర్లు లేవు. కాసేపు నడిస్తే తేలికవుతోంది, కుర్చీలో గంట కూర్చుని లేస్తే మళ్లీ పట్టేస్తోంది. ట్రైనరేమో బెల్ట్ పెట్టుకుని చేసెయ్ అంటాడు, ఇంట్లోవాళ్లు ఆ ఇనుము జోలికే పోవద్దంటారు. ఎమ్మారై తీయించుకోవాలా?

కండలరాజు:
బ్రో, నాకూ ఇలాగే అయింది. కదలకుండా రెండు వారాలు మంచం మీదే ఉండు, అదే పోతుంది.

పాత_ఇనుము:
మంచం సలహా మాత్రం వినకండి. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉంటే తప్పులేదు గానీ, అదేపనిగా పడుకుంటే నడుం ఇంకా బిగుసుకుపోతుంది. నడిస్తే తేలికవుతోందని మీరే అంటున్నారు కదా, నడవండి. ఒకేసారి గంట కాకుండా, పది నిమిషాల చొప్పున రోజులో నాలుగైదు సార్లు.

ముందు ఒక మాట. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఇక్కడ పోస్టులు చదువుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవేమీ లేకపోతే మొదటి వారంలోనే ఎమ్మారైకి పరిగెత్తాల్సిన పని సాధారణంగా ఉండదు. ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బినట్టు కనిపించడం మామూలే. ఆ రిపోర్టు చూసుకుని టెన్షన్ పడటం తప్ప లాభం లేదు. ఆరు వారాలైనా తగ్గకపోతే, నొప్పి కాల్లోకి దిగితే అప్పుడు డాక్టర్ చూసి చెప్తారు.

ఇప్పుడు నా అనుమానం. 80 కిలోలంటే 20 కిలోల బార్‌కి అటు మూడు, ఇటు మూడు 10 కిలోల ప్లేట్లు పెట్టారా? పోటీల్లో వాడే పెద్ద ప్లేటు 45 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది, కాబట్టి బార్ నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ఇనుప ప్లేట్లు పెడితే బార్ బాగా కిందికి దిగిపోతుంది. దాన్ని అందుకోవాలంటే తుంటి దగ్గర వంగడం సరిపోక నడుం గుండ్రమైపోతుంది. ట్రైనర్లు ఫామ్, ఫామ్ (ఒళ్లు సరైన భంగిమలో ఉంచడం) అని అరుస్తారే గానీ ఈ ఎత్తు కొలిచేవాడు కనపడడు!

బెల్ట్ మంచిదే, కానీ అది నడుముని నిలబెట్టే కట్టు కాదు. ఊపిరి పొట్టలోకి పీల్చి, పొట్టని బెల్ట్‌కి అదిమితేనే దాని పని అది చేస్తుంది. ఊరికే బిగించుకుంటే అలంకారం.

ఫిజియో_మాట:
పై మాటలతో నేను ఏకీభవిస్తాను. ఒకటి కలుపుతాను. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. సాక్సులు కాలు స్టూల్ మీద పెట్టుకుని వేసుకోండి. తెల్లవారగానే డెడ్‌లిఫ్ట్ వద్దు. నొప్పి కాస్త నెమ్మదించాక బర్డ్ డాగ్ మొదలుపెట్టండి: చేతులూ మోకాళ్ల మీద ఉండి కుడిచేయి, ఎడమకాలు చాపి, నడుం కదలకుండా పది సెకన్లు ఆపాలి. ఊగిపోతుంటే కాలు కాస్త దించండి.

నడుం_పట్టినోడు:
ఇప్పుడే టేపు పెట్టి చూశాను. అన్నీ 10 కిలోల ప్లేట్లే, బార్ 15 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంది! మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎంత బరువు పెట్టాలి అన్నా?

పాత_ఇనుము:
మామూలుగా వంగి లేచినప్పుడు నొప్పి లేదనుకున్నాక, ప్లేట్ల కింద దిమ్మలు పెట్టి బార్‌ని మోకాలికి కాస్త కింద ఉండేంత ఎత్తుకి లేపుకోండి. మొదట ఖాళీ బార్‌కి అటొకటి ఇటొకటి 10 కిలోల ప్లేటు, అంతే. మర్నాడు పొద్దున నడుం ఎలా ఉందో చూసి, పెరగకపోతేనే ఇంకో 5 కిలోలు. దిమ్మల ఎత్తు తగ్గించడం, బరువు పెంచడం రెండూ ఒకే వారంలో చేయకండి.