ఓం మణిపద్మే హూం: "పద్మంలో మణి" అన్న అర్థం సరైనదేనా?

ఎంవీపీ_నడకరి:
విశాఖ దగ్గరి తొట్లకొండ మీద కూర్చుని ఈ బౌద్ధ మంత్రం జపం చేసుకుందామని ఉంది. అందరూ చెప్పే "పద్మంలో మణి" సరైన అర్థమేనా? చలికాలం స్వెట్టర్లు అమ్మే టిబెటన్లు "పేమే హుంగ్" అంటారు, మనం ఏది అనాలి? దీక్ష కావాలా? యూట్యూబ్‌లో "మహా కరుణా మంత్రం" పేరుతో ఉన్న పొడుగాటి పాట కూడా ఇదేనా?

హే_రమే:
"పద్మంలో మణి" కావాలంటే "మణిః పద్మే" అని విసర్గ ఉండాలి. ఇక్కడ లేదు, మణిపద్మ అంతా ఒకే సమాసం. రమా శబ్దం వల్లించినవాళ్లకు నా పేరు చూస్తేనే విషయం తెలిసిపోతుంది: రమాకి సంబోధన "హే రమే", మణిపద్మాకి "మణిపద్మే". పిలుపు అన్నమాట. సప్తమీ విభక్తిగా తీసుకునేవాళ్లూ ఉన్నారు గానీ, అప్పుడైనా "మణిపద్మంలో" అవుతుంది తప్ప పద్మంలో మణి రాదు. ఈ మంత్రం చెప్పిన బౌద్ధ గ్రంథం కారండవ్యూహ సూత్రం దీన్ని షడక్షరీ మహావిద్య అంటూ నాలుగు చేతుల దేవతగా వర్ణించింది. కాబట్టి నా ఓటు సంబోధనకే.

సాధనలో చెప్పుకునే భావం వేరు. దలైలామా వివరణలో మణి అంటే కరుణ, బోధిచిత్తం (అందరి మేలు కోసం బుద్ధత్వం పొందాలన్న సంకల్పం), పద్మం ప్రజ్ఞ, ఆ రెండూ విడదీయరానివని హూం.

జపమాల108:
టిబెటన్ లిపిలోనూ "పద్మే" అనే రాస్తారు, పలకడంలోనే "పేమే" అయింది. తెలుగు నోటికి ణ, ద్మ కష్టం కాదు కదా, రాసినట్టే అనండి. వేగం పెరిగితే చెడేది హూం దగ్గర: దీర్ఘం పోతుంది, తర్వాతి ఓంతో కలిసి "హుమోం" అయి కూర్చుంటుంది. హూం తర్వాత చిన్న విరామం ఇస్తే సరిపోతుంది.

మాలలో పూసలు 108 అయినా లెక్క 100 కిందే వేస్తారు. మిగతా 8 తప్పులకు, పరధ్యానానికి. మంత్రానికి 2 సెకన్లు వేసుకుంటే మాల 4 నిమిషాలలోపే. ముందు త్రిశరణాలు (బుద్ధం, ధర్మం, సంఘం శరణం), సకల ప్రాణుల కోసం అన్న సంకల్పం, ఆ తర్వాత జపం, చివర ఆ పుణ్యాన్ని అందరికీ ధారపోయడం. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరిదే.

ఉత్త జపానికి దీక్ష అక్కర్లేదు. తననే అవలోకితేశ్వరుడిగా (కరుణామూర్తి అయిన బోధిసత్వుడిగా) భావించే ధ్యానానికి మాత్రం గురువు దగ్గర అభిషేకం అనే దీక్ష పొందాలి.

బావికొండ_గాలి:
ఆ పాట వేరు. "నమో రత్నత్రయాయ, నమ ఆర్యజ్ఞానసాగర" అని మొదలై, మధ్యలో "ధర ధర, ధిరి ధిరి, ధురు ధురు" వస్తే అది ఏకాదశముఖ అవలోకితేశ్వర ధారణి (ధారణి అంటే పొడవైన మంత్రపాఠం). అసలు మహా కరుణా ధారణి అంటే నీలకంఠ ధారణి. అందులో రత్నత్రయాయ తర్వాత నేరుగా "నమ ఆర్యావలోకితేశ్వరాయ" వస్తుంది. వీడియోల మీద పేర్లు తారుమారు చేసేశారు.

ఇంకోటి, తొట్లకొండ థేరవాదం అనే పాత బౌద్ధ శాఖ భిక్షువుల సంఘారామం (మఠం). క్రీ.శ. 3వ శతాబ్దం దాకానే వెలిగింది. కారండవ్యూహాన్ని పండితులు 4-5 శతాబ్దాల్లో పెడతారు. అక్కడి భిక్షువులు ఈ మంత్రం జపించి ఉండరు. మంత్రతంత్రాల బౌద్ధమైన వజ్రయానం ఛాయలున్న చోటే కావాలంటే అనకాపల్లి దగ్గర శంకరం, బొజ్జన్నకొండ. అలాగని తొట్లకొండ మీద చేయకూడదని కాదండీ. స్తూపం కుడి భుజం వైపు ఉండేలా తిరగండి, ఆదివారం జనం ఎక్కువ, పెదాల మీదే జపించండి.