చైనా నుంచి అత్తమామలు లక్సెంబర్గ్ వస్తున్నారు: వీసా ఎలా? వచ్చాక ఏం చూపించాలి?

సింగరేణి_చిన్నోడు
అందరికీ నమస్తే. నేను లక్సెంబర్గ్‌లో జాబ్ చేస్తున్న. మా ఆవిడది చైనా, చెంగ్డూ. వచ్చే వేసవిలో అత్తమ్మ, మామ మొదటిసారి యూరప్ వస్తున్నరు. ఎక్కువ రోజులు మా ఇంట్లనే ఉంటరు, మధ్యలో పారిస్ నాలుగు రోజులు. ఇద్దరూ రిటైరైనోళ్లు, ఇంగ్లీష్ రాదు. అక్కడి ఏజెంటేమో ఫ్రాన్స్ వీసాకే పెట్టాలె అంటున్నడు. మన పేపర్లు నాకు తెలుసు గానీ చైనా వాళ్లవి వేరే లెక్క. తెలిసినోళ్లు చెప్పండి.

కొత్తపేట_కుర్రాడు
అన్నా, లక్సెంబర్గ్‌కి, చైనాకి మధ్య వీసా తీసేశారని విన్నాను?

గోదారి_గట్టు
అది ఒకవైపే తమ్ముడూ. 2024 మార్చి 14 నుంచి లక్సెంబర్గ్ పాస్‌పోర్టున్నవాళ్లు వీసా లేకుండా చైనా వెళ్లొచ్చు. చైనావాళ్లు ఇటు రావాలంటే మనలాగే షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి చెల్లే వీసా, ఉండాల్సిందే.

చిన్నోడు గారూ, ఆ ఏజెంట్ మాట పట్టించుకోకండి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే పెట్టాలి. రోజులు సమానమైతేనే ముందు ఎక్కడ దిగుతారన్నది చూస్తారు. మీవాళ్లు ఉండేది మీ ఇంట్లో కాబట్టి లక్సెంబర్గే. ఇంత చిన్న దేశానికి అన్ని రోజులెందుకని ఆఫీసర్‌కి అనుమానం వస్తుంది, కూతురి ఇల్లు అన్నదే దానికి జవాబు. ఫైల్లో ప్రతి కాగితమూ ఆ మాటే చెప్పాలి.

మీవైపు నుంచి ముఖ్యమైనది 'ప్రిజ్ ఆన్ షార్జ్' ఫారం, అంటే వాళ్ల ఖర్చు మీరు చూసుకుంటారనే హామీ. మీ కమ్యూన్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఆఫీసులో సంతకం ధ్రువీకరించుకుని, జీతం స్లిప్పులతో ఇమ్మిగ్రేషన్ వాళ్లకివ్వాలి. వాళ్ల ముద్ర పడ్డాక ఒరిజినల్ చైనాకి పంపండి. కొరియర్‌కే రోజులు పడతాయి, ముందే మొదలుపెట్టండి.

కొత్తపేట_కుర్రాడు
మా ఫ్రెండ్ ఒకడు స్లాట్లు ఖాళీగా ఉన్నాయని చిన్న దేశానికి పెట్టి, ఇటలీలో తిరిగొచ్చాడు. ఏం కాలేదే?

గోదారి_గట్టు
ఎయిర్‌పోర్టులో హోటల్ బుకింగులు అడిగితే ఏం చెబుతారు? వీసా రద్దు చేసి వెనక్కి పంపే అధికారం వాళ్లకుంది. భాష రాని పెద్దవాళ్లను ఆ పరిస్థితిలోకి నెట్టకండి, దయచేసి.

షాంఘై_సుధ
నేను షాంఘైలో ఉంటాను. మా ఆఫీసు వాళ్ల ఫైళ్లు దగ్గరుండి చూశాను కాబట్టి చైనా వైపు సంగతి చెబుతాను.

హుకౌ అని కుటుంబమంతటికీ కలిపి ఒక నమోదు పుస్తకం ఉంటుంది. రాసి ఉన్న ప్రతి పేజీ కాపీ, దానికి అనువాదం పెట్టాలి. ఇక్కడే ఒక చిక్కు. పెళ్లయ్యాకో, చదువుకి వెళ్లాకో అమ్మాయి పేరు వేరే పుస్తకంలోకి మారి ఉంటే, ఆమె వాళ్ల కూతురే అనడానికి ఆ పుస్తకం పనికిరాదు. అప్పుడు నోటరీ ఆఫీసులో బంధుత్వ పత్రం తీసుకోవాలి. 2023 నవంబర్ 7 నుంచి చైనాలో అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లడానికి వేసే ఒకే ధ్రువీకరణ ముద్ర) వచ్చింది, ఎంబసీల చుట్టూ తిరిగి ముద్రలు వేయించే పని తగ్గింది. అపోస్టిల్ కావాలా, మామూలు నోటరీ చాలా అన్నది వీసా సెంటర్‌లో ముందే అడగండి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకైతే కంపెనీ ఎర్ర ముద్రతో లెటరు, వ్యాపార లైసెన్స్ కాపీ కావాలి. మీవాళ్లకి ఆ బాధ లేదు, పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్ పెట్టండి. డబ్బు ఫ్రీజ్ చేసి బ్యాంకిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ ఒక్కటే పెట్టి ఊరుకోకండి, నెలనెలా పెన్షన్ పడుతున్నట్టు కనబడాలి.

ఫీజు 90 యూరోలు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, మొత్తం షెంగెన్‌కి వర్తించేలా తీసుకోండి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. మొదటిసారి కాబట్టి వేలిముద్రలకి స్వయంగా వెళ్లాలి. పారిస్ నుంచి లండన్ చూసొద్దామనుకుంటే బ్రిటన్ వీసా విడిగా కావాలి, ఇటు తిరిగి రావడానికి షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ (ఒకటికి మించి సార్లు లోపలికి రానిచ్చేది) అయ్యుండాలి.

సింగరేణి_చిన్నోడు
సుధక్కా, మీరు చెప్పినట్టే మా ఆవిడ హుకౌ ఇప్పుడు వేరే పుస్తకంలనే ఉంది! నోటరీ సంగతి మామకి ఇయ్యాలనే చెప్తం. వచ్చినంక ఏం చూపిస్తే బాగుంటది?

బెజవాడ_బాబాయ్
అబ్బాయ్, 2020 నుంచి అక్కడ బస్సు, ట్రామ్, రైలు అన్నీ ఫ్రీ కదా, విదేశీయులక్కూడా. రైల్లో ఫస్ట్ క్లాసుకి మాత్రం టికెట్ తీసుకోవాలి. పెద్దవాళ్లు మెట్లెక్కలేకపోతే ఫాఫెన్‌థాల్ గాజు లిఫ్టెక్కించు, లోయంతా కనిపిస్తుంది, అదీ ఫ్రీనే. వియాండెన్ కోట చూపించు. షెంగెన్ ఊరికి కూడా తీసుకెళ్లు. 1985 జూన్ 14న దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేయడానికి చేసుకున్న షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది అక్కడే, మొజెల్ నది మీద ఓడలో. వీసా మీదున్న ఆ పేరు ఒక ఊరిదని చాలామందికి తెలీదు.

చైనావాళ్లు తప్పకుండా అడిగేది ట్రియర్. కార్ల్ మార్క్స్ పుట్టిన ఊరు, సరిహద్దు దాటితే జర్మనీలో. 2018లో ఆయన 200వ జయంతికి చైనా కానుకగా ఇచ్చిన పెద్ద కంచు విగ్రహం అక్కడుంది. ఫ్రీ ప్రయాణం సరిహద్దు స్టేషన్ వాసర్‌బిలిగ్ దాకానే, అక్కడి నుంచి టికెట్ కొనాలి. పాస్‌పోర్టులు మర్చిపోవద్దు. 2024 సెప్టెంబర్ నుంచి ఆ సరిహద్దులో కూడా జర్మన్ పోలీసుల తనిఖీలు మొదలయ్యాయి.

గోదారి_గట్టు
చైనాలో అంతా ఫోనుతోనే చెల్లిస్తారు, ఇక్కడ అన్ని చోట్లా అలా కుదరదు. వీసా కార్డో మాస్టర్ కార్డో ఒకటి, కాస్త నగదు ఉంచుకోమనండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పారిస్‌లోనో దిగితే, 2025 అక్టోబర్‌లో మొదలైన కొత్త పద్ధతిలో ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు. క్యూ పెరగొచ్చు, తర్వాతి రైలుకి బాగా గడువు పెట్టుకోండి. కుదిరితే మీరే ఎదురెళ్లండి. ఆహ్వాన పత్రం కాపీ, మీ ఫోన్ నంబరు వాళ్ల చేతి సంచీలో ఉండాలి, సూట్‌కేసులో కాదు.

షాంఘై_సుధ
ఇంకోటి. చెంగ్డూ వాళ్లు కూతురికి ఎండు సాసేజ్‌లు మోసుకొస్తారు. బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు ఈయూలోకి రానివ్వరు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. హాట్‌పాట్ (మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుని తినే వంట) మసాలా ముద్దల్లో కూడా చాలావాటిలో ఎద్దు కొవ్వు ఉంటుంది. నూనెతో చేసినవి దొరుకుతాయి, వాటినే తెమ్మనండి. ప్యాకెట్ వెనకున్న పదార్థాల జాబితా ఫోటో తీసి పంపమని మీ ఆవిడతో చెప్పించండి, కొనకముందే చూసుకోవచ్చు.