అప్‌డేట్: యాక్సిడెంట్ అయ్యి ఏడాదైనా హారన్ వింటే గుండెదడ, కారణం తెలిసింది

బైక్ యాక్సిడెంట్ అయ్యి ఏడాది దాటినా హారన్ వినపడితే దడ, రాత్రయితే అదే కల, ఇది గుండె జబ్బా థైరాయిడా అని అడిగాను కదా. రెండూ కాదు, ఈసీజీ, థైరాయిడ్ టెస్టులు నార్మల్. సైకియాట్రిస్ట్‌కి చూపించుకోమన్నవాళ్లకి థాంక్స్. ఆవిడ పీటీఎస్‌డీ అన్నారు, అంటే యాక్సిడెంట్ లాంటి పెద్ద షాక్ తర్వాత ఆ భయం మనసులో ఉండిపోయే మానసిక సమస్య, లక్షణాలు నెల దాటి ఉంటేనే ఆ పేరు పెడతారంట, నేనేమో పిరికితనం అనుకుని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలా. ఈఎండీఆర్ అనే థెరపీ చేశారు, ఆ సీన్ గుర్తుచేసుకుంటూ ఆవిడ వేలు అటూఇటూ కదిలిస్తుంటే కళ్లతో ఫాలో అవ్వాలి, మొదట్లో నవ్వొచ్చింది, రెండో సెషన్‌కి మాత్రం ఏడ్చేశా. పది సెషన్లయ్యాక కల రావట్లేదు, హారన్‌కి ఇంకా ఉలిక్కిపడతా గానీ కాళ్లు వణకట్లేదు. మీలో కొందరు ఆ రోడ్డు వైపే వెళ్లొద్దన్నారు చూడండి, అలా తప్పించుకు తిరగడం వల్లే భయం ముదిరిందంట.